చేతికున్న బ్యాండు ఊరి నాడి పట్టగలదా?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉద్యోగులకు నడక పోటీలు పెట్టడం, ఎక్కువ అడుగులు వేసిన జట్టుకు బహుమతులివ్వడం ఇప్పుడు మామూలైపోయింది. నడకకు పాయింట్లు ఇస్తామని, వాటిని ప్రీమియంలో రాయితీగా మార్చుకోవచ్చని కొన్ని ఆరోగ్య బీమా పథకాలు చెబుతున్నాయి. ఇలాంటి వెల్‌నెస్ ప్రోత్సాహకాలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్లు నడక ఆపగానే మణికట్టు వైపు చూసుకోవడం ఎవరికైనా కనిపించే దృశ్యమే. ఇంతమంది చేతులకున్న ఫిట్‌నెస్ బ్యాండ్లు, స్మార్ట్‌వాచీల సమాచారాన్ని ఒకచోట చేరిస్తే మొత్తం నగరం ఆరోగ్యమే బాగుపడుతుందన్న మాట ఈ వాతావరణంలోంచి పుట్టింది.

ఆ మాటలో నిజానికి మూడు వేర్వేరు వాదాలు కలగలిసి ఉన్నాయి. బ్యాండు పెట్టుకున్నవాళ్లు ఎక్కువ కదులుతారు కాబట్టి షుగరు, గుండెజబ్బులు తగ్గుతాయన్నది మొదటిది. ఊళ్లో జ్వరాలు మొదలవుతున్న సంగతి ఆసుపత్రుల కన్నా ముందే బ్యాండ్లు పసిగడతాయన్నది రెండోది. మనిషికి తెలియకుండా లోపల దాగున్న జబ్బును బయటపెడతాయన్నది మూడోది. ఈ మూడింటి వెనకున్న ఆధారాలు ఒకే స్థాయివి కావు. ఒకదానికున్న రుజువును ఇంకోదానికి అంటగట్టడం వల్లే ఈ విషయంలో గందరగోళం ఎక్కువైంది.

ఒకరి ఆరోగ్యం, ఊరి ఆరోగ్యం: లెక్క ఎక్కడ మారుతుంది

డాక్టరు ముందు కూర్చున్న మనిషికి ఏం జబ్బు, ఏం మందు అన్నది ఒక వ్యక్తికి సంబంధించిన ప్రశ్న. ఈ ఊళ్లో పక్షవాతాలు పక్క ఊరి కన్నా ఎందుకు ఎక్కువగా ఉన్నాయన్నది ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వేర్వేరుగా ఉండవచ్చని జనంలో జబ్బుల తీరును అధ్యయనం చేసే బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు జెఫ్రీ రోజ్ 1985లో వివరించాడు. ఆయన చెప్పినదాన్ని ఊహాజనితమైన అంకెలతో చూస్తే సులువుగా అర్థమవుతుంది.

పదివేల మంది ఉన్న ఒక కాలనీ అనుకుందాం. వారిలో వెయ్యిమందికి బీపీ బాగా ఎక్కువ. వచ్చే పదేళ్లలో ఆ వెయ్యిమందిలో 5 శాతానికి, అంటే 50 మందికి పక్షవాతం వస్తుంది. మిగతా తొమ్మిదివేల మందికి ముప్పు తక్కువే, 1 శాతమే; కానీ వాళ్లు సంఖ్యలో ఎక్కువ కాబట్టి వారిలో 90 మందికి వస్తుంది. మొత్తం 140. బీపీ ఎక్కువున్న వెయ్యిమందినీ వెతికి పట్టుకుని, మందులిచ్చి, వాళ్ల ముప్పును 30 శాతం తగ్గించామంటే 15 మందిని కాపాడినట్టు. అలా కాకుండా కాలనీ అంతా కాస్త ఎక్కువ నడిచి, కాస్త తక్కువ ఉప్పు తిని, అందరి ముప్పూ 15 శాతమే తగ్గిందనుకుంటే 21 మంది బయటపడతారు. ఒక్కొక్కరికి దక్కిన మేలు సగమే, ఊరికి దక్కిన మేలు మాత్రం ఎక్కువ. దీనికో చిక్కు కూడా ఉంది: ఆ 21 మంది ఎవరో ఎప్పటికీ తెలియదు, అందుకని ఎవరూ తమకు మేలు జరిగిందని అనుకోరు.

బ్యాండు మీద చర్చంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. కంపెనీలు అమ్మేది ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని. మనం అడుగుతున్నది పదివేల మంది సగటు కదులుతుందా అని.

పచ్చదీపం కింద జరిగేది

స్మార్ట్‌వాచీని తిప్పి చూస్తే అడుగున మినుకుమినుకుమనే పచ్చదీపాలు కనిపిస్తాయి. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద సన్నని నాళాల్లో రక్తం కాస్త పెరిగి, వెనక్కి తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను పక్కనే ఉన్న సెన్సర్ లెక్కపెడితే గుండె వేగం వస్తుంది. అడుగుల లెక్క చెప్పేది యాక్సిలరోమీటర్, అంటే చెయ్యి ఏ దిక్కుకు ఎంత ఊగిందో కొలిచే చిన్న చిప్పు. సూటిగా కొలిచేవి ఇంతే: కాంతి, కదలిక, కొన్నిటిలో చర్మపు వేడి. నిద్ర, ఒత్తిడి, ఖర్చయిన క్యాలరీలు అన్నవి వీటిలోంచి సాఫ్ట్‌వేర్ వేసుకున్న అంచనాలు. తెరమీద అన్నీ ఒకే సైజు అంకెల్లో కనబడతాయి కాబట్టి, ఏది కొలత, ఏది అంచనా అన్నది చూసేవారికి తెలియదు.

కొలతలకూ హద్దులున్నాయి. గుంతల రోడ్డు మీద బైకు నడిపితే కొన్ని బ్యాండ్లు ఆ కుదుపులను అడుగులుగా లెక్కేసుకుంటాయి. రెండు చేతులతో కూరగాయల బండి తోసుకుంటూ అరమైలు నడిచినా చెయ్యి ఊగదు గనుక కొన్ని అడుగులు లెక్కకు రావు. గాజుల పక్కన బ్యాండు వదులుగా జారుతూ ఉంటే వెలుతురు సందుల్లోంచి చొరబడి గుండె వేగం తప్పుగా వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ కొలిచేందుకు ఎరుపు, పరారుణ కాంతులను వాడతారు. దీనిలో చర్మపు రంగు ప్రభావం ఉంటుంది: ఆసుపత్రుల్లో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ల మీద అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా పరికరం బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్లవారిలో కన్నా నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. మన దగ్గర చామనఛాయ, నలుపు చర్మాలే ఎక్కువ కాబట్టి ఇది పరాయి సమస్య కాదు.

ఇన్ని లోపాలున్నా బ్యాండుకు ఒక బలముంది. ఒకే మనిషిని, ఒకే పరికరంతో, రోజుల తరబడి కొలుస్తుంది. తప్పు ఉన్నా రోజూ దాదాపు అదే తప్పు ఉంటుంది. అందుకని అంకె కన్నా అంకెలో వచ్చిన మార్పు నమ్మదగినది. ముందు చెప్పుకోబోయే ప్రయోజనాల్లో చాలావరకు ఈ ఒక్క లక్షణం మీదే నిలబడ్డాయి.

నడిపించడంలో: రుజువు ఉంది, కానీ కొంతే

రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. సగటు వయసు 72 ఏళ్లున్న 16 వేలకు పైగా అమెరికన్ మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా ఉంది. 7,500 దాటాక ఆ తేడా పెరగడం దాదాపుగా ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడవగలరు కాబట్టి ఈ తేడా అంతా నడక వల్లేనని చెప్పలేం. అయినా ఒక సంగతి గమనించాలి: అసలు కదలనివాళ్లు కాస్త కదిలినప్పుడే ఎక్కువ మేలు కనబడుతోంది. జెఫ్రీ రోజ్ లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది.

బ్యాండు పెట్టుకుంటే జనం నిజంగానే ఎక్కువ నడుస్తారా? అంతకుముందు వచ్చిన అనేక సమీక్షలను కలిపి 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన విశ్లేషణ ప్రకారం, నడుస్తారు: సగటున రోజుకు 1,800 అడుగులు అదనంగా, బరువులో ఒక కిలో తగ్గుదల. ఒక కిలో అంటే ఒక మనిషికి పెద్ద విశేషం కాకపోవచ్చు, లక్షమంది సగటులో కిలో తగ్గితే చిన్న విషయం కాదు. దీనికి ఎదురుగా 2016లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన ప్రయోగాన్ని పెట్టి చూడాలి. బరువు తగ్గాలనుకున్న దాదాపు 470 మంది యువతీయువకులందరికీ ఆహారం, వ్యాయామంపై సలహాలిస్తూ, కొందరికి మధ్యలో పరికరం కూడా ఇచ్చారు. రెండేళ్ల తర్వాత పరికరం లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గితే, పరికరం ఉన్నవాళ్లు 3.5 కిలోలే తగ్గారు. ఎందుకలా జరిగిందో ఆ ప్రయోగం తేల్చలేదు. నడిచాను కదా అని ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారన్నది ఒక వివరణ మాత్రమే.

ప్రభుత్వమే పూనుకుంటే ఎలా ఉంటుందో సింగపూర్ చూపించింది. అక్కడి ఆరోగ్య ప్రోత్సాహక మండలి 2015 నుంచి జాతీయ స్థాయిలో అడుగుల పోటీ నడుపుతోంది. చేరినవారికి బ్యాండు ఇచ్చి, అడుగులకు పాయింట్లిచ్చి, పాయింట్లకు కొనుగోలు కూపన్లిచ్చింది. అయితే సింగపూర్‌లో నీడపట్టున సాగే కాలిబాటలున్నాయన్నది మరిచిపోకూడదు. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మొదలైన పది గజాలకే ట్రాన్స్‌ఫార్మర్ అడ్డొస్తుంది, అది దాటితే టిఫిన్ బండి, ఆ తర్వాత పార్కు చేసిన బైకులు. మనిషి దిగి రోడ్డు మీదే నడవాలి. ఇక్కడ కదలికే లేదన్నది మాత్రం నిజం. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం దేశంలో దాదాపు సగం మంది పెద్దవాళ్లకు, స్త్రీలలో 57 శాతానికి, తగినంత శారీరక శ్రమ లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. ఈ ఉద్యోగులే నగరంలో అందరికన్నా ఎక్కువగా స్మార్ట్‌వాచీలు పెట్టుకునే వర్గం కావచ్చునన్నది కాస్త ఇబ్బందిపెట్టే ఆలోచన.

ఇక్కడ బ్యాండు సమాచారానికి ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఎవరు నడిచారన్నది వదిలేసి, ఏ వీధుల్లో ఎవరూ నడవడం లేదో, ఏ కాలనీలో సాయంత్రం ఏడు దాటాక ఆడవాళ్ల నడక ఆగిపోతోందో చూస్తే, దీపాలు ఎక్కడ వేయాలో, ఫుట్‌పాత్ ఎక్కడ ఖాళీ చేయించాలో తెలుస్తుంది. అప్పుడు మేలు బ్యాండు లేనివారికి కూడా అందుతుంది.

జ్వరాల రాకను పసిగట్టడంలో: ఒక్క వాచీ కాదు, వెయ్యి వాచీలు

జ్వరం వస్తే గుండె వేగం పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 64 సార్లు కొట్టుకునే గుండె, జ్వరం తగలబోయే ముందు రోజుల్లోనే 70కి చేరవచ్చు. నిద్ర పెరుగుతుంది, అడుగులు తగ్గుతాయి. దీన్ని ఆధారం చేసుకుని అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ అయిదు రాష్ట్రాల్లోని 47 వేలకు పైగా ఫిట్‌బిట్ బ్యాండు వాడకందార్ల వివరాలు పరిశీలించి, ఆ సమాచారం కలిపితే ఫ్లూ తీవ్రత అంచనా మెరుగుపడుతుందని 2020 జనవరిలో ప్రకటించింది. ఆ వెంటనే కొవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో జర్మనీ ప్రభుత్వ సంస్థ రాబర్ట్ కోహ్ ఇన్‌స్టిట్యూట్ తమ వాచీల సమాచారాన్ని దానంగా ఇమ్మని జనాన్ని అడిగితే, అయిదు లక్షలకు పైగా మంది ఇచ్చారు.

ఇది ఎలా పనిచేస్తుందో మన నగరం మీద పెట్టి చూద్దాం. అంకెలు ఊహించినవే. ఒక ప్రాంతంలో వెయ్యిమంది తమ సమాచారం ఇచ్చారు. మామూలు రోజున వాళ్లలో 3 శాతానికి, అంటే 30 మందికి ఏదో ఒక కారణాన గుండె వేగం వాళ్ల అలవాటు కన్నా ఎక్కువగా ఉంటుంది: నిద్ర చాలక, ముందు రాత్రి మందు తాగి, ఆఫీసు ఒత్తిడి వల్ల. ఈ 30 ఒక రోజు 24, ఒక రోజు 37 కావచ్చు, అదంతా యాదృచ్ఛికం. ఒక వారమంతా అది 60 దగ్గర నిలిచిందంటే మాత్రం యాదృచ్ఛికమని అనుకోలేం. ఆ 60 మందిలో ఎవరికి జ్వరం, ఎవరికి నిద్రలేమి అన్నది చెప్పలేం. ఒక్కొక్కరికీ విడివిడిగా హెచ్చరిక పంపితే అందులో సగం తప్పే అవుతుంది. కానీ ఆ ప్రాంతంలో ఏదో జరుగుతోందని ఖాయంగా చెప్పగలం. అదే ప్రాంతంలో సమాచారం ఇచ్చింది 50 మందే అయితే, మామూలుగా ఒకరిద్దరు ఉండాల్సిన చోట ముగ్గురు కనిపించారన్నది దేనికీ పనికిరాని కబురు.

వెయ్యిమంది దొరికినా చిక్కులు తీరవు. గణేశ్ నిమజ్జనం మర్నాడు నగరంలో సగం మంది గుండె వేగం పెరిగే ఉంటుంది, రాత్రంతా మేల్కొన్నారు కాబట్టి. సంక్రాంతికి వాచీలన్నీ బస్సులెక్కి ఊళ్లకు వెళ్లిపోతాయి. మే నెల ఎండకు జ్వరం లేకపోయినా గుండె వేగం పెరుగుతుంది. వానాకాలంలో వచ్చింది డెంగీనా, ఫ్లూనా, టైఫాయిడా అన్నది వాచీకి తెలియదు, దాని దృష్టిలో అన్నీ ఒకటే జ్వరం. ఇంటర్నెట్ వెతుకులాటల ద్వారా ఫ్లూను అంచనా వేస్తామని 2008లో వచ్చిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, 2012-13 సీజనులో అసలు కన్నా రెట్టింపు పైగా చూపించి అభాసుపాలైంది, 2015లో మూతపడింది. దొడ్డిదారి సంకేతాల మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ప్రజారోగ్య నిపుణులు ఇప్పటికీ ఆ ఉదాహరణే తీస్తారు.

ఇలాంటి సమూహ సంకేతానికి హైదరాబాద్‌లోనే ఇంకో నమూనా ఉంది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, అందులోని వైరస్ ఆనవాళ్లను బట్టి నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి పరీక్షల్లో తేలిన కేసుల కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. మురుగునీటిలో పేరుండదు, ఫోన్ నంబరుండదు, వాచీ కొనే స్తోమతతో పని లేదు. ఏ వైరస్ అన్నది కూడా తెలుస్తుంది. వాచీకి ఉన్న మెరుగు ఏమిటంటే రోజురోజుకూ, దాదాపు గంటగంటకూ సమాచారం వస్తుంది. ఈ రెండింటిలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే చాలామంది నిపుణులు మురుగునీటి వైపే మొగ్గుతారని నా అభిప్రాయం. రెండూ ఉంటే ఒకదాని తప్పును ఇంకొకటి పట్టిస్తుంది.

దాగిన జబ్బును బయటపెట్టడంలో: వయసు బట్టి మారే నిజం

గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. చాలామందికి ఏ బాధా ఉండదు, కానీ గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. వాచీతో దీన్ని పట్టుకోగలమా అని 2019లో ఫలితాలు వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీ 4,19,297 మంది మీద పరీక్షించింది. సుమారు నాలుగు నెలల పరిశీలనలో హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికి. ఆ తర్వాత ఈసీజీ ప్యాచీ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతం మందిలో లయ తప్పడం కనిపించింది. లయ తప్పడం వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి మిగతా అందరివీ తప్పుడు హెచ్చరికలే అనడానికి లేదు.

అదే పరికరం ఒక ఇంట్లో తాతకు పనికొచ్చి, మనవడికి తలనొప్పి కావడం ఎలాగో చూద్దాం. జబ్బున్న నూరుమందిలో 90 మందిని పట్టుకుని, జబ్బు లేని నూరుమందిలో ఒక్కరికే పొరపాటున మోగే వాచీ ఉందనుకుందాం. మంచి వాచీయే. దీన్ని లక్షమంది కుర్రాళ్లకు పెట్టాం. వాళ్లలో జబ్బున్నది వెయ్యికి ఒకరికి, అంటే 100 మందికి. వాచీ 90 మందిని పట్టుకుంది. జబ్బు లేని 99,900 మందిలో 999 మందికి ఊరికే మోగింది. మొత్తం 1,089 హెచ్చరికల్లో నిజమైనవి నూటికి ఎనిమిదే. అదే వాచీని, నూటికి నలుగురికి జబ్బున్న లక్షమంది పెద్దవాళ్లకు పెడితే 3,600 నిజమైనవి, 960 తప్పుడువి: నూటికి 79 నిజం. పరికరం మారలేదు, పెట్టుకున్నవాళ్ల వయసు మారింది.

మన దగ్గర ఖరీదైన వాచీ ఉండేది ఎక్కువగా మనవడి చేతికే. తప్పుడు హెచ్చరిక వచ్చిన ప్రతి కుర్రాడూ ఈసీజీ తీయించుకుంటాడు, కొందరు ఎకో, ఇంకొందరు మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళతారు. ప్రైవేటు ఆసుపత్రికి వెళితే ఖర్చు అతనిది. గాంధీ, ఉస్మానియా లాంటి చోట ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున్నే వరుసలో నిలబడ్డ మనిషి ముందుకు అతను వచ్చి చేరితే, ఆ భారం వరుసది. హెచ్చరికలకు ఖర్చు లేదనుకోవడం అందుకే సరికాదు. ఇంకోవైపు, నలభై దాటినవారిలో ఒక్క పక్షవాతాన్ని ఆపినా ఒక కుటుంబం ఆస్తులు అమ్ముకోకుండా నిలబడుతుందన్న వాదనలోనూ బలముంది. ఎవరికి హెచ్చరిక వెళ్లాలి, ఏ వయసు దాటాక వెళ్లాలి అన్నది నిర్ణయించాల్సింది వైద్య వ్యవస్థ. ప్రస్తుతానికి చాలావరకు నిర్ణయిస్తున్నది కంపెనీలు.

లెక్కలోకి రాని చేతులు

మూడు వాదాల్లోనూ పదేపదే అడ్డొచ్చే సమస్య ఒకటే: బ్యాండున్నవాళ్ల సమాచారం ఊరి సమాచారం కాదు. కోకాపేటలో ముప్ఫయ్యో అంతస్తు మీద సెంట్రింగ్ పని చేసే కూలీ, అదే టవర్‌లో వచ్చే ఏడాది ఫ్లాటు కొనబోయే ఇంజినీరు ఒకే ఎండ కింద ఉన్నా, లెక్కలోకి వచ్చేది ఇంజినీరు గుండె ఒక్కటే. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి రోజుకు ఎన్ని మెట్లు ఎక్కుతుందో చెప్పే పరికరం లేదు. ఉన్నా నీళ్లలో చేతులు పెట్టేముందు తీసి పక్కన పెట్టాల్సిందే. సేకరించిన సమాచారం బట్టి పార్కులు, శిబిరాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తే, ఇప్పటికే పార్కులున్న చోటికే మరిన్ని వస్తాయి.

దీనికి మందు లేకపోలేదు, అది కొనుక్కున్నవారి సమాచారం కోసం ఎదురుచూడకపోవడం. పరిశోధకులే జనంలోంచి నమూనాగా కొందరిని ఎంచుకుని, వారికి పరికరాలు ఇచ్చి, కొద్దిరోజులు పెట్టించి, మళ్లీ తీసుకోవచ్చు. హైదరాబాద్ శివారు పల్లెల్లో ఇది జరిగింది కూడా. బార్సిలోనాలోని ఐఎస్‌గ్లోబల్ సంస్థ నాయకత్వంలో సాగిన 'చాయ్' అధ్యయనంలో గ్రామస్థులు గాలిలోని సన్నని ధూళిని కొలిచే పరికరాలను, తమంతట తామే ఫొటోలు తీసుకుంటూ పోయే చిన్న కెమెరాలను ఒంటిమీద ధరించారు. ధూళి అంకె ఎప్పుడు ఎగిరిందో, ఆ క్షణాన ఫొటోలో ఏముందో జతచేసి చూశారు: కట్టెల పొయ్యి దగ్గర వంట. ఊళ్లో ఒక స్తంభానికి కట్టిన మీటరు చెప్పే సగటులో ఈ వంటింటి పొగ కనబడదు. ఆడవాళ్ల ఊపిరితిత్తులకు అందేది మాత్రం అదే.

ఎండ విషయంలో ఇలాంటి ప్రయత్నానికి ఇక్కడ అవసరం ఎక్కువ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. ఎవరికి, ఏ గంటకు, ఏ పనిలో ఒళ్లు వేడెక్కి గుండె వేగం ప్రమాదకరంగా పెరుగుతోందో తెలిస్తే పని వేళల మీద ఒక మాట చెప్పవచ్చు. ఉదాహరణకు ఒక నిర్మాణ స్థలంలో రెండు వందల మంది కూలీలకు రెండు వారాలు బ్యాండ్లు ఇచ్చారనుకుందాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మాత్రమే గుండె వేగం ఎక్కువగా ఉందనీ, నీడలో ఇరవై నిమిషాలు కూర్చున్నవారిది మామూలుకు వచ్చిందనీ తేలితే, ఆ తర్వాత బ్యాండ్లతో పనే లేదు. నియమం రాయొచ్చు, నీడకు రేకులు వేయించొచ్చు, ఆ రెండు వందల మందికే కాక నగరంలోని కూలీలందరికీ వర్తింపజేయొచ్చు. మేస్త్రీ చేతిలో అదే సమాచారం పడితే ఎవరు నెమ్మదిగా పని చేస్తున్నారో చూసేందుకు కూడా పనికొస్తుంది. కాబట్టి ఆ సమాచారం ఎవరి చేతికి వెళ్లాలన్నది బ్యాండ్లు పంచడానికి ముందే తేలాలి.

సమాచారం ఎవరిది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతోంది. సమాచారం తీసుకునే ముందు స్పష్టమైన సమ్మతి ఉండాలనీ, దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలనీ ఈ చట్టం చెబుతుంది. ఆరోగ్య సమాచారానికి ప్రత్యేకమైన, మరింత గట్టి రక్షణంటూ విడిగా ఒక తరగతిని మాత్రం ఇందులో పెట్టలేదు. మీ ఈమెయిలు చిరునామా, మీ గుండె లయ చట్టం దృష్టిలో ఒకే గాటన ఉంటాయి.

పేర్లు తీసేస్తే సరిపోతుందా? స్ట్రావా అనే వ్యాయామ యాప్ వాడకందార్ల పరుగులన్నిటినీ పేర్లు లేకుండా కలిపి ప్రపంచ పటంగా ప్రచురిస్తే, ఆ గీతల్లో సైనిక స్థావరాల రూపురేఖలు బయటపడ్డాయని 2018 జనవరిలో తేలింది. సైన్యం దాకా అక్కర్లేదు. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో 'డెబ్బై దాటిన స్త్రీ, నిద్ర సరిగా లేదు' అని ఒక వరుస ఉంటే, డెబ్బై దాటిన ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు పేరు తీసేసి ప్రయోజనమేమిటి? అందుకే జనాభా స్థాయి లెక్కల్లో, మరీ తక్కువమంది ఉన్న గడిని బయటపెట్టకపోవడం పాత ఆనవాయితీ. ఆ ఆనవాయితీని పాటించేలా చూసేవాళ్లుండాలి.

బీమా రాయితీల మీద వాదన రెండు వైపులా బలంగానే ఉంది. నడిచినవాడికి ప్రతిఫలం ఇస్తే తప్పేమిటి, నడక పెరిగితే అందరికీ లాభమే కదా అన్నది ఒక వైపు. ఈరోజు రాయితీ అన్నది రేపు అది లేనివాడికి జరిమానాగా మారుతుందనీ, మోకాళ్ల నొప్పులున్నవారూ రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారూ తమ తప్పు లేకుండానే ఎక్కువ కడతారనీ ఇంకో వైపు. ఉద్యోగుల పోటీలదీ ఇదే వరుస: చేరడం ఇష్టం మీదేనని కాగితం మీద రాసి ఉంటుంది, జట్టు నాయకుడే మేనేజరైనప్పుడు ఇష్టానికి ఎంత చోటుంటుందో ఆఫీసులో పనిచేసినవారికి తెలుసు.

సంకేతం అందాక పని చేసేదెవరు

ఒక లక్ష బ్యాండ్లు, ఒక్కొక్కటి రెండువేల రూపాయల చొప్పున, ఇరవై కోట్లు. అవి చెడిపోతాయి, చార్జింగు పెట్టడం మరిచిపోతారు, కొన్ని నెలలకు చాలామంది సొరుగులో పడేస్తారు. అదే డబ్బు బీపీ పరికరాలకు, మందులకు పెడితే ఏమవుతుందని సందేహవాదులు అడుగుతారు. ఆ ప్రశ్న వెనక అనుభవముంది. 2017 చివర్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి మొదట ఎంపికైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో కొత్త యంత్రమేదీ లేదు: అందరికీ ఒకే రకం మందుల క్రమం, మందులు అయిపోకుండా సరఫరా, ఎవరు మళ్లీ రాలేదో చూసుకునే రిజిస్టరు, రానివారికి ఫోను.

బ్యాండ్లను సమర్థించేవారి జవాబు కూడా తీసిపారేసేది కాదు. బస్తీ దవాఖానాకు జనం వచ్చేది ఒళ్లు బాగాలేనప్పుడు. బాగున్నప్పటి సంగతి, మెల్లగా దిగజారుతున్నప్పటి సంగతి అక్కడి రిజిస్టరులో ఉండదు. ఫలానా ప్రాంతంలో గుండె వేగాలు పెరిగాయన్న సంకేతం సోమవారం అందితే, బుధవారానికి అక్కడి దవాఖానాలో డెంగీ పరీక్ష కిట్లు ఉంచవచ్చు, ఆశా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి డ్రమ్ముల్లో, కూలర్లలో నిలవనీళ్లు చూడవచ్చు, దోమల మందు అందరికన్నా ముందు అక్కడ చల్లవచ్చు. ఇవన్నీ ఇప్పటికే ఉన్న పనులు, ఇప్పటికే ఉన్న మనుషులు చేసేవి. బ్యాండు ఇవ్వగలిగింది రెండు మూడు రోజుల ముందస్తు మాత్రమే. ఆ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే, ఆ రెండు మూడు రోజులూ నమూనా జిల్లా కేంద్రానికి చేరడంలోనే గడిచిపోతాయి.